బఠాణీ సైజు అచ్చు

ఈ మధ్య మా ఇంట్లో జరిగిన అన్నింటికంటే పెద్ద గొడవ వల గుండ్ల అచ్చు గురించి. చెబితే నవ్వుతారు. సీసం కరిగించి పోసుకునే అచ్చు, పట్టకారంత వస్తువు, దాని సైజు ఎంతుండాలన్న దాని మీద నేనూ మా ఆయనా కొన్ని వారాలు ఎడమొహం పెడమొహంగా గడిపాం. పెళ్ళయిన కొత్తలో ఏ ఊళ్ళో కాపురం పెట్టాలన్నదాని మీద కూడా అంత వాదించుకోలేదు.

మేం ఉండేది ఇబ్రహీంపట్నంలో. ఆయన థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు కింద బొగ్గు బెల్టుల దగ్గర పనిచేసేవాడు. నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా మామగారు కృష్ణలో వల వేసి బతికిన మనిషి. మా ఆయన ఉద్యోగంలో పడ్డా వల మాత్రం వదల్లేదు. శనివారం సాయంత్రం స్నానం చేసి, పాత లుంగీ కట్టుకుని, భుజాన వల వేసుకుని ఏటికి వెళ్ళేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఇంట్లో చేపల పులుసు లేకపోవడం అంటే వానాకాలంలో ఏరు మరీ పొంగినప్పుడే.

ఆయన వాడేది విసురు వల. విసిరితే గొడుగులా విచ్చుకుని నీళ్ళ మీద పడుతుంది. దాని అంచు చుట్టూ సీసపు గుండ్లు కట్టి ఉంటాయి, అవే వలను అడుక్కి దింపుతాయి. గుండు పెద్దదైతే వల టక్కున మునిగి చేపను కప్పేస్తుంది, కానీ విసరడానికి భుజం ఉండాలి. గుండు చిన్నదైతే ఎవరైనా విసరొచ్చు, చేప మాత్రం తీరిగ్గా తప్పుకుంటుంది. అందుకే గుండు ఎంతుండాలో విసిరేవాడి రెక్కను బట్టే నిర్ణయిస్తారు. మా అత్తారింట్లో గుండ్లు కొట్లో కొనడం అన్నది లేదు. తండ్రి వల చివికిపోతే దాని సీసం కరిగించి కొడుకు వలకు పోసేవాళ్ళు. మామగారి అచ్చు రేగిపండు సైజుది. రెండు ఇనప రెక్కలూ మూస్తే మధ్యలో గుండ్ల గుంటలు వరసగా ఉంటాయి. ఆయన పోయాక అది మా అటక మీదికి చేరింది.

పోయిన ఏడు వానల్లో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. పొద్దున్నే టీ గ్లాసు చేతిలోంచి జారింది. ఆయన వంగి తీసుకోబోతే మూతి వంకరగా కనిపించింది. ఇంకేం ఆలోచించలేదు, పక్కింటాయన కారులో నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాను. కాలు తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది. మూతి సర్దుకుంది. కుడి చెయ్యి మాత్రం సగంలో ఆగింది. వేళ్ళు ముడుస్తాడు, అన్నం మెల్లగా కలుపుకుంటాడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. చెయ్యి భుజం దాటి పైకి లేవదు.

ఆ చెయ్యి ఇక ఎంతవరకు వస్తుందో నాకు తెలుసు. ఇన్నేళ్ళు వార్డుల్లో తిరిగినదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? మొదటి నెలల్లో వచ్చిందే వచ్చినట్టు, ఏడాది దాటాక వచ్చేది బహు కొంచెం. ఫిజియోథెరపిస్టు నాతో వరండాలో ఒక మాట చెప్పేవాడు, లోపల ఆయనతో ఇంకో మాట చెప్పేవాడు. నేనూ అంతే. రోజంతా ఆసుపత్రిలో మంచం మంచానికీ ‘ఏం కాదు, తగ్గిపోతుంది’ అని చెప్పి, బస్సులో నిలబడి ఇంటికొచ్చి, కాళ్ళు వాచిపోయి ఉన్నా వేడినీళ్ళు పెట్టి ఆయన చెయ్యి పిసుకుతూ ‘వస్తుందండీ, నిన్నటికంటే ఇవాళ నయం’ అనేదాన్ని. ఇంట్లో కూడా డ్యూటీయే. నిజం చెబుతున్నాను, పిసకడం కంటే ఆ మాట అనడానికే ఎక్కువ అలిసిపోయేదాన్ని.

చర్చిలో అయితే ఇంకా కష్టం. ప్రతి ఆదివారం పాస్టరుగారు ఆయన చెయ్యి కోసం పేరు పెట్టి ప్రార్థన చేసేవారు. ప్రార్థన అయ్యాక ముందు వరసలో కూర్చునే ఒక పెద్దావిడ ఆయన చెయ్యి పట్టుకుని చూసి, “సాక్ష్యం ఎప్పుడు చెప్తావయ్యా? నీ సాక్ష్యం ఇనాలని ఉంది” అనేది. మా చర్చిలో స్వస్థత పొందినవాళ్ళు మైకు ముందు నిలబడి సాక్ష్యం చెబుతారు. ఆమెది మంచి మనసే. కానీ వారం వారం ఆ చెయ్యి చూపించుకోవడం ఆయనకు హోంవర్కు చూపించినట్టుండేది. “త్వరలోనే అమ్మా” అని నవ్వి వచ్చేసేవాడు. ఇంటికొచ్చాక ఆ పూటంతా గోడకు తిరిగి పడుకునేవాడు.

అలాంటి మనిషి దసరా వెళ్ళాక ఒకరోజు, “అటక మీద వల దింపు” అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడాదిగా ఏటి పేరెత్తని మనిషి వల అడుగుతున్నాడు. దుమ్ము దులిపి దింపాను. అంచు పట్టుకుని చూసి, “దీని గుండ్లన్నీ కోసెయ్. కరిగించి చిన్నవి పోద్దాం. బఠాణీ గింజంత ఉంటే చాలు” అన్నాడు.

“బఠాణీ గింజా? అవి వలకా, గాజులకు మువ్వలు కట్టడానికా?” అన్నాను. తగ్గిస్తే తగ్గించాడు, మరీ అంత చిన్నదెందుకు? మామగారిది రేగిపండు. పోనీ మధ్యరకంగా కుంకుడు గింజంత పోసుకోవచ్చు. అలా పోస్తే చెయ్యి కాస్త బాగుపడగానే విసరొచ్చు. బఠాణీ అంటే ఇక చెయ్యి బాగుపడదని ఒప్పుకుని సంతకం పెట్టినట్టే. నాకు ఒళ్ళు మండింది. రోజూ నేను ఇంత నమ్మకం నూరిపోస్తుంటే ఈయన పసిపిల్లల వల చేయించుకుంటానంటాడేమిటి?

కొండపల్లి పక్కన బతికేవాళ్ళకు ఒక జబ్బుంది. ఏ వస్తువు కావాలన్నా బొమ్మలు చెక్కే పొణికి కర్రతో అయిపోతుందనుకుంటాం. మా ఆయన స్నేహితుడొకాయన అక్కడ బొమ్మలు చేస్తాడు. ఏనుగు మీద అంబారీ చెక్కే చేతికి బఠాణీ గుంటలు ఒక లెక్కా అని, ఈయన వెళ్ళి కర్ర అచ్చు చెప్పొచ్చాడు. ఆ స్నేహితుడు చెక్కి ఇచ్చాడు కూడా. చేతి అలవాటు మానలేదేమో, అంచులకు ఎర్రరంగూ పసుపురంగూ వేసి, నాలుగు మూలలా పువ్వులు దిద్దాడు. షోకేసులో పెట్టుకోవచ్చు, అంత ముద్దుగా ఉంది. దాంట్లో కరిగిన సీసం పోయగానే రంగు బుడబుడా పొంగింది. పొగ లేచింది. రెండోసారి పోస్తే లోపలి గుంటలు అంటుకున్నాయి. తెరిచి చూస్తే గుండ్లు కావు, నల్లటి తునకలు.

“ఇన్నేళ్ళు బొగ్గు దగ్గర పనిచేసింది చాల్లేదా, ఇంట్లో కూడా బొగ్గే తయారుచేస్తారా?” అన్నాను.

చాలా రోజుల తర్వాత ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అయిపోగానే, “సరే, ఇనపదో అల్యూమినియందో కొందాం. బఠాణీ సైజే” అన్నాడు. మళ్ళీ మొదటికొచ్చాం.

నా వీక్లీ ఆఫ్ రోజున గవర్నర్‌పేట వెళ్ళాం. తాళ్ళూ టార్పాలిన్లూ వల సామానూ అమ్మే పాత కొట్టొకటి సందులో ఉంది. ఆటో దిగి ఆ సందులో నడవడానికే ఆయనకు ఆయాసం వచ్చింది. కొట్టాయన స్టూలు వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. తర్వాత అచ్చులు తీసి గల్లాపెట్టె మీద వరసగా పెట్టాడు. రేగిపండు, కుంకుడు గింజ, బఠాణీ, మూడూ ఉన్నాయి. అల్యూమినియం రెక్కలు, పట్టుకోవడానికి కర్ర పిడులు, గుండు మధ్యలో తాడు దూరే బెజ్జం కోసం సన్నటి ఇనప ఊచ.

“ఏట్లోకాండీ, కాలవలోకా?” అని అడిగాడు కొట్టాయన.

“ఏట్లోకేనండీ. ఒడ్డున,” అన్నాడు మా ఆయన.

“ఏట్లోకైతే కుంకుడు గింజ తీసుకోండి. బఠాణీది ఏట్లో నిలవదండీ, నీటి లాగుడుకి తేలిపోద్ది.”

నేను విజయగర్వంతో మా ఆయన వైపు చూశాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. గోడకు వేలాడుతున్న తయారు వల ఒకటి చూపించి, దానికి ఏ గుండ్లు ఉన్నాయని అడిగాడు. కుంకుడు గింజంతవేనన్నాడు కొట్టాయన. మా ఆయన దాన్ని దింపించి నా చేతుల్లో పెట్టించాడు.

“ఎట్టా ఉంది? బరువుగా ఉందా?”

“రాత్రి డ్యూటీ చేసొచ్చినదాన్ని. నాకిప్పుడు చేతిరుమాలు కూడా బరువే,” అన్నాను విసుగ్గా.

“అయితే బఠాణీదే ఇవ్వండి,” అన్నాడు కొట్టాయనతో.

నాకు అర్థం కాలేదు. ఆయన చేతిలో స్పర్శ సరిగా లేదు గనుక నా చేత తూకం చూపించాడనుకున్నాను. బస్సులో కూర్చున్నాక ఆపుకోలేక అడిగేశాను.

“మీరే ఆశ వదిలేసుకుంటే చెయ్యి ఎట్టా వస్తుందండీ? ఆ కొట్టాయన కూడా చెప్పాడుగా. ఎండలు ముదిరే లోపల చెయ్యి తిరిగిందనుకోండి, అప్పుడు ఇంకో అచ్చు కొంటారా?”

ఆయన అచ్చును సంచిలోంచి తీసి, ఎడమచేత్తో తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. “కొంటాలే,” అన్నాడు. అంతే. భవానీపురం దాటాక నిద్రపోయాడు. నాకు మాత్రం కోపంతో నిద్ర రాలేదు, లేకపోతే ఆ దారిలో నేను ఎప్పుడూ నిద్రపోతాను.

సీసం పోసే పని పెరట్లో పెట్టుకున్నాం. సీసం పొగ మంచిది కాదని నేను పట్టుబట్టి ఇద్దరికీ మాస్కులు కట్టాను, గాలి వీపు మీదికి వచ్చేటట్టు పొయ్యి పెట్టించాను. సీసానికని ఒక పాత ఇనప మూకుడు విడిగా తీసిపెట్టి, ఇక దాన్ని వంటింటి గడప తొక్కనివ్వనని చెప్పాను. దగ్గర్లో చుక్క నీళ్ళుండకూడదన్నాడు ఆయన. కరిగిన సీసంలో తడి తగిలితే చిమ్ముతుంది. పోసే ముందు అచ్చు లోపల కొవ్వొత్తి మసి పట్టించాడు, గుండు అంటుకోకుండా ఊడి రావడానికి.

మామగారి గుండ్లు మూకుట్లో మెల్లగా కూలిపోయి ఒక్క ముద్దయ్యాయి. పైన తేలిన మురికి తీసేస్తే కింద అద్దంలా తెల్లగా మెరిసింది. ఎన్ని వానల్లో ఆ ముసలాయన ఏట్లో వేసి లాగిన సీసమో అది. మా ఆయన గరిటెతో దాన్ని ఒకసారి మెల్లగా కలిపాడు.

ఈ పనికి రెండు చేతులు కావాలి, ఆయనకున్నది ఒకటి. అందుకని ఆయన ఎడమచేత్తో గరిటె పట్టుకుని పోస్తే నేను అచ్చు పిడులు బిగించి పట్టుకునేదాన్ని. మొదట వచ్చిన గుండ్లన్నీ ముసలివాళ్ళ బుగ్గల్లా ముడతలు పడ్డాయి. “అచ్చు ఇంకా చల్లగా ఉంది. వేడెక్కిందాకా అట్టాగే వస్తయ్,” అని వాటిని మళ్ళీ మూకుట్లో వేయించాడు. అచ్చు కాగాక నున్నగా, గుండ్రంగా రావడం మొదలుపెట్టాయి. ఊచ లాగి, అచ్చు తెరిచి, ఇసుకలో దులపడం, మళ్ళీ మూయడం. నా నడుం విరిగిపోయింది. వారానికి ఒక్కరోజు దొరికే సెలవు అలా అయిపోయింది.

ఆ తర్వాత వాటిని వలకు కట్టడం. అదీ నేనే. ఆయన వేళ్ళకు ముడి పడదు. డ్యూటీ నుంచి వచ్చి, వంట చేసి, ఆయన చెయ్యి పిసికి, టీవీ ముందు కూర్చుని గుండ్లు కట్టేదాన్ని. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టుంది నా పని. ఆయన పక్కన కూర్చుని, ముడి ఎటు తిప్పాలో, గుండుకూ గుండుకూ ఎంత ఎడం ఉండాలో చెప్పేవాడు. కట్టడం పూర్తయిన రోజున విసురు వల నడినెత్తిన ఉండే తాడు తీసి, దాని చివర ఉచ్చు వేయమన్నాడు. విసిరేవాళ్ళ ఎడమ మణికట్టుకు ఆ ఉచ్చు తగిలించుకుంటారు, వల చేజారిపోకుండా.

ఉచ్చు వేశాను. ఆయన చెయ్యి పట్టుకుని తొడగబోయాను.

“నాకు కాదు. నీ చేతికి చూడు సరిపోద్దేమో,” అన్నాడు.

“నాకెందుకు?”

“విసిరేది నువ్వేగా.”

మా అత్తగారు బతికున్నన్నాళ్ళు కింద పరిచిన వలను దాటి నడిచేది కాదు. చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆడమనిషి వల దాటితే చేప పడదని వాళ్ళింట్లో నమ్మకం. చేపలు అమ్మడం ఆడవాళ్ళది, కడగడం, వండడం ఆడవాళ్ళది, వల మాత్రం మగవాళ్ళ భుజం దిగేది కాదు. ఆ ఇంట్లో పుట్టినవాడు ఈ మాట అంటున్నాడు. బఠాణీ సైజు ఎవరి రెక్కను చూసి ఎంచాడో నాకు అప్పుడు తెలిసింది.

తెలిసి సంతోషపడ్డానంటే అబద్ధం. కోపమే వచ్చింది. “రోగుల్ని ఎత్తాలి, దింపాలి. మీకు స్నానం చేయించాలి. గుండ్లు పోయాలి, కట్టాలి. ఇప్పుడు చేపలు కూడా నేనే పట్టాలా? ఇంకేమైనా మిగిలిందా?” అని అరిచాను. వల అక్కడే పడేసి వెళ్ళి పడుకున్నాను.

ఆయన చాలాసేపటికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. “చేపల కోసం కాదే. చేపలు బజార్లో దొరుకుతయ్. వల నీళ్ళ మీద పడ్డప్పుడు ఒక చప్పుడొస్తది చూడు. ఏడాదైంది అది విని,” అన్నాడు.

లేచి వెళ్ళి, పడేసిన వల తీసి మడతపెట్టాను.

శనివారం సాయంత్రం ఏటికి వెళ్ళాం. నీళ్ళు ఒడ్డు దాకా నిండుగా, కదలకుండా ఉన్నాయి. థర్మల్ పొగ గొట్టాల నుంచి పొగ నిట్టనిలువుగా లేస్తోంది, అంటే గాలి లేదన్నమాట. చీర పనికిరాదని పంజాబీ డ్రెస్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించాను. గేదెల్ని కడుగుతున్న ఇద్దరు మనుషులు పని ఆపి మమ్మల్నే చూడసాగారు. సగం వల ఎడమ మోచేతి మీద వేసుకుని, అంచులో ఒక గుండు పళ్ళ మధ్య పట్టుకోవాలన్నాడు ఈయన. సీసం నోట్లో పెట్టుకోనని ఖండితంగా చెప్పాను. “మా నాయన జీవితమంతా పెట్టుకున్నాడు,” అన్నాడు. “ఆయన నర్సు కాదు,” అన్నాను. అయితే బొటనవేలికి తగిలించుకోమన్నాడు.

మొదట విసిరింది తాడు జారిన బిందెలా దబ్బున ఒక్కచోటే పడింది. గేదెల దగ్గరి మనుషుల్లో ఒకతను మర్యాదకు అటు తిరిగాడు. మళ్ళీ విసిరాను. మళ్ళీ అంతే. “చేత్తో కాదు, నడుంతో తిప్పు. మంచం మీద రోగిని పక్కకు తిప్పేటప్పుడు ఎట్టా తిప్పుతావు, అట్టా,” అన్నాడు. ఆ మాట నా ఒంటికి అర్థమైంది. నడుం తిప్పి వదిలాను. వల విచ్చుకుంది. పూర్తి గుండ్రంగా కాదు, ఓ పక్క కొరికిన అప్పడంలా. కానీ విచ్చుకుంది. గుండ్లన్నీ ఒక్కసారి నీళ్ళను తాకి, చిటపటమని సన్నటి జల్లు పడ్డట్టు చప్పుడు చేసి మునిగిపోయాయి.

ఆయన ఒడ్డున రాయి మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మునిగిపోయిన వల వైపే చూస్తున్నాడు. ఆ మొహం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. అలవాటుగా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

“వచ్చే ఏడాదికి మీరే విసురుతారు లెండి.”

“ఆ మాట ఇంక అనమాకు,” అన్నాడు. కోపంగా కాదు. “అనీ అనీ నువ్వు అలిసిపోయావు. వినీ వినీ నేనూ అలిసిపోయాను. చర్చిలో వాళ్ళకైతే తెలవదు. నీకు తెలుసుగా. ఒక్కసారి నిజం చెప్పు. చెయ్యి వస్తదా?”

వల నీళ్ళలో ఉంది. తాడు నా మణికట్టుకు ఉంది. ఎటూ పోవడానికి లేదు. ఎంతమంది రోగుల భార్యలు నన్ను కారిడార్లో ఆపి ఈ ప్రశ్న అడిగారో. డాక్టరుగారు చెబుతారమ్మా అని తప్పుకునేదాన్ని.

“రాదండీ,” అన్నాను. “అన్నం తినడానికి వస్తుంది. ఇంకొంచెం ఓపిక పడితే గుండీలకు కూడా రావచ్చు. వల విసరడానికి మాత్రం రాదు.”

ఆయన తలూపాడు. భుజాలు కిందికి దిగాయి. రోజంతా మోసిన బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. “చెప్పావు, అంతే చాలు,” అన్నాడు. నా మణికట్టు వైపు చూసి, “తాడు మెల్లగా లాగు, ఒక్కసారే గుంజమాకు,” అన్నాడు.

లాగసాగాను. కళ్ళ నిండా నీళ్ళు నిండి తాడు కనపడలేదు. ఏడాదిగా ఆయన ముందు ఏడవలేదు నేను, నర్సుని కదా. ఇప్పుడు ఆయన చూస్తుండగానే, గట్టిగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆయన వద్దనలేదు. వల బరువు కొంచెం కొంచెంగా చేతికి తగులుతోంది. నేను లాగుతూనే ఉన్నాను.